ఈ అంకెతో ఎవరు ఏం చేస్తారు?

(పర్యావరణ సమాచారం, జీవనోపాధులు అనే అంశంపై చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం పెద్దది. పర్యావరణ సమాచారాన్ని నలుగురికీ అందించడం, దాని ఆసరాతో నిలకడైన సాంకేతికతనూ బతుకుదెరువులనూ నిలబెట్టడం. ఇంత బరువైన మాట వినగానే ఉపగ్రహాలు, కంప్యూటర్ గదులు, పెద్ద తెరల మీద రంగురంగుల పటాలు మనసులో మెదులుతాయి. వాటి దగ్గరికీ వస్తాను. ముందుగా ఒక రంగు డబ్బా, ఒక కుంచె గురించి చెప్పనివ్వండి.

బంగ్లాదేశ్‌లో చెరువుల నీళ్లు, వాగుల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే, దానికి విరుగుడుగా కొన్ని దశాబ్దాల పాటు లక్షల సంఖ్యలో చేతిపంపులు వేశారు. భూమి లోపలి నీటిలో క్రిములు ఉండవని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు కాదు. అయితే ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందన్న సంగతి 1990లలో బయటపడింది. దానికి రంగు, రుచి, వాసన ఏవీ లేవు. ఏళ్ల తరబడి తాగితే ముందు ఒంటి మీద మచ్చలు, అరచేతుల్లో గట్టి కాయలు, ఆ తర్వాత క్యాన్సర్. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒక పంపులో విషం ఉంటుంది, పాతిక ముప్పై మీటర్ల దూరంలో ఉన్న పంపులో ఉండకపోవచ్చు. అంతా నేల కింది పొరల మహిమ. కాబట్టి జిల్లా పటం తీసుకుని సగం జిల్లాకు ఎర్ర రంగు పూసి, ఇది ప్రమాద ప్రాంతం అని ప్రకటిస్తే శాస్త్రవేత్తకు పనికొస్తుందేమో గానీ, బిందె పట్టుకుని నిలబడిన మనిషికి పనికిరాదు. ఆమెకు కావలసింది ఈ పంపు సంగతి, ఆ పంపు సంగతి.

2000వ సంవత్సరం ప్రాంతంలో మొదలుపెట్టి దాదాపు 50 లక్షల పంపులను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చిన్న సీసాలో నీళ్లు పోసి, పొడులు కలిపి, మూత కింద ఒక కాగితపు ముక్క పెడతారు. ఆర్సెనిక్ ఉంటే ఆ తెల్ల కాగితం పసుపు రంగుకు, ఎక్కువగా ఉంటే గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని కిట్టుతో వచ్చిన రంగుల పట్టీతో పోల్చి చూసుకోవడమే. లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటితే పంపు మూతికి ఎర్ర రంగు, లోపు ఉంటే ఆకుపచ్చ. పదింటిలో సుమారు మూడింటికి ఎర్ర రంగు పడింది.

ఇందులో నాకు నచ్చేది ఆ రంగు వేసిన చోటు. సమాచారం నివేదికలో లేదు, జిల్లా కేంద్రంలో లేదు. నీళ్లు పట్టుకోవాలా వద్దా అని నిర్ణయం జరిగే చోట, ఆ నిర్ణయం జరిగే క్షణంలో, చదువు రాని వాళ్లకు కూడా కనిపించేలా ఉంది. పరిశోధకులు దగ్గరగా గమనించిన ప్రాంతాల్లో చాలా కుటుంబాలు ఎర్ర పంపు వదిలి పక్కవాళ్ల ఆకుపచ్చ పంపుకు మారాయి. అందరూ మారలేదు. ఆకుపచ్చ పంపు ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి మారారు. అక్కడ ఎక్కువ పంపులు ఇళ్లవాళ్ల సొంతం. రోజూ పొరుగువాళ్ల పెరట్లోకి వెళ్లి నీళ్లు తోడుకోవాలంటే కాళ్లకు ఓపిక, వాళ్లతో సఖ్యత రెండూ ఉండాలి. రంగు విషాన్ని చూపించగలిగింది, పొరుగింటి గేటు తెరిపించడం దాని చేతిలో లేదు. పైగా కొన్నేళ్లకు ఆ రంగు వెలిసిపోయింది, ఈలోగా ఎవరికి వారు కొత్త పంపులు వేసుకున్నారు, వాటిలో చాలావాటిని ఎవరూ పరీక్షించలేదు.

ఈ ఉదాహరణను మనసులో పెట్టుకుని, పర్యావరణ సమాచారం ఏది ఎదురైనా నేను ఒకటే అడుగుతుంటాను. ఈ అంకెతో ఎవరు ఏం చేస్తారు? ఎప్పుడు చేస్తారు? చేయడానికి వాళ్ల చేతిలో ఏముంది? ఈ రోజు చెప్పబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

అసలు సమాచారం అందుబాటులోనే లేకపోతే ఈ ప్రశ్న అడిగే అవకాశమే రాదు, అది ఒప్పుకోవాలి. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల కథ అదే. మొదటిది 1972లో వెళ్లింది. 1984లో చట్టం చేసి ఆ చిత్రాల వ్యాపారాన్ని ప్రైవేటుకు అప్పగించారు. ఒక్కో చిత్రం ధర వేల డాలర్లకు చేరింది. 1999లో ఏడో ల్యాండ్‌శాట్ వెళ్లాక 600 డాలర్లకు దిగింది. అడవి ఎలా తరుగుతోందో చూడాలంటే ఒక్క చిత్రం చాలదు, ఏళ్ల వరుస కావాలి. పేద దేశంలోని ఒక విశ్వవిద్యాలయం ఎన్ని కొనగలదు? 2008లో పాత నిల్వతో సహా అన్నీ ఉచితం చేశారు. ఏడాదికి వేలల్లో అమ్ముడుపోయే చిత్రాలను లక్షల్లో దించుకోవడం మొదలైంది. ఇప్పుడు అడవుల నరికివేత మీద, చెరువుల విస్తీర్ణం మీద, పంటల అంచనాల మీద జరిగే పనిలో పెద్ద భాగం ఆ నిర్ణయం మీదే నిలబడి ఉంది. ప్రజల డబ్బుతో తీసిన చిత్రాన్ని మళ్లీ ప్రజలకే అమ్మడం తప్పని తేల్చుకోవడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఇప్పటికీ చాలా దేశాల్లో వాన లెక్కలు, నదుల ప్రవాహాల లెక్కలు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, రుసుము కట్టాలి, వేచి ఉండాలి.

గాలి, ఎండ విషయంలోనూ ఇదే జరిగింది. గాలిమర ఎక్కడ పెడితే గిట్టుబాటవుతుందో తెలుసుకోవాలంటే ఒకప్పుడు సొంతంగా స్తంభం నాటి ఏడాది పాటు కొలవాలి. ప్రపంచ గాలి పటం, సౌరశక్తి పటం ఉచితంగా వచ్చాక, తొలి వడపోత చిన్న సంస్థలు కూడా చేసుకోగలుగుతున్నాయి. స్తంభం నాటడం తప్పదు గానీ, ఎక్కడ నాటాలో తెలుస్తోంది.

ఇక సముద్రం దగ్గరికి వెళ్దాం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, చేపలు దొరికే అవకాశం ఎక్కువున్న ప్రాంతాలను గుర్తించి మత్స్యకారులకు సూచనలు పంపుతుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని చేపల జాడ చెప్పడం వింతగా ఉంటుంది. కిటుకు ఇది. ఉపగ్రహం నీటి రంగు చూస్తుంది, ఉపరితల ఉష్ణోగ్రత చూస్తుంది. రంగును బట్టి పత్రహరితం ఎంత ఉందో తెలుస్తుంది, అంటే కంటికి కనిపించని నాచు మొక్కలు ఎక్కడ పెరిగాయో తెలుస్తుంది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే గీత దగ్గర ఆ మేత పోగుపడుతుంది. మేత ఉన్నచోటికి చిన్న చేపలు, వాటి వెనక పెద్ద చేపలు వస్తాయి. అయితే ఆ గీత ఒకచోట నిలవదు. రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. కాబట్టి ఈ సమాచారం పాల లాంటిది, నిల్వ పెడితే విరిగిపోతుంది.

అందుకే ఆ సూచన రూపం చూడదగ్గది. పటం ఇచ్చి ఊరుకోరు. ఫలానా రేవు నుంచి, ఫలానా దిక్కుగా, ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇంత లోతున్న చోట అని, అక్షాంశ రేఖాంశాలతో పాటు, ఆ తీరపు భాషలో చెబుతారు. రేవు పేరుతో మొదలవడం చిన్న సంగతి కాదు. పడవ బయలుదేరేది అక్కడి నుంచే కదా. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది, పొగ తగ్గుతుంది, మనిషికి కాస్త నిద్ర దొరుకుతుంది. మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి సముద్రం కనపడదు, ఆ రోజు సూచన ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో, వేట నిషేధం ఉన్నన్నాళ్లు, కావాలనే ఆపేస్తారు. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు.

ఈ ఆపేయడం గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. చేప ఎక్కడుందో అందరికీ ఏడాది పొడవునా కచ్చితంగా చెప్పేస్తే, అది జీవనోపాధికి మేలా, చేపల జాతికి ముప్పా? రెండూ కావచ్చు. దూరం వెళ్లగల పెద్ద మరపడవకు ఆ సమాచారం ఎక్కువ లాభం, తెడ్డుతో నడిచే చిన్న పడవకు తక్కువ. అందరికీ సమానంగా పంచిన సమాచారం అందరికీ సమానంగా పనిచేయదు. మన సమావేశాల్లో ఈ మాట ఎక్కువగా వినపడదు. సమాచారం ఇచ్చాం, ఇంతమందికి సందేశాలు పంపాం అనే లెక్కతో సంతృప్తి పడతాం. పంపిన సందేశాల సంఖ్య పంపినవాళ్ల శ్రమకు కొలత, అందుకున్నవాళ్ల బతుకులో ఏం మారిందో అది చెప్పదు.

ఆఫ్రికాలోని మాలీ దేశం అనుభవం ఈ విషయాన్నే చూపిస్తుంది. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతంలో వచ్చిన కరవుల తర్వాత, 1982లో, అక్కడి వాతావరణ శాఖ రైతులకు నేరుగా వ్యవసాయ వాతావరణ సలహాలు ఇవ్వడం మొదలుపెట్టింది. వాతావరణ శాఖ వాళ్లే కాదు, వ్యవసాయ శాఖ, పరిశోధకులు, రేడియో వాళ్లు పది రోజులకోసారి ఒక బల్ల చుట్టూ కూర్చునేవారు. స్థానిక భాషల్లో రేడియోలో చెప్పేవారు. నాకు అన్నిటికంటే తెలివైన పనిగా తోచింది వేరే ఉంది. రైతుల చేతికి చిన్న వర్షమాపకాలు ఇచ్చారు, వాటితో పాటు విత్తే పట్టిక ఇచ్చారు. మీ ప్రాంతంలో, ఈ రకం విత్తనానికి, ఈ తేదీల మధ్య, మీ గొట్టంలో ఇన్ని మిల్లీమీటర్లు పడితే విత్తండి, లేదంటే ఆగండి అని అందులో ఉంటుంది. తొలకరి మోసం చేస్తే విత్తనం పోతుంది, మళ్లీ కొనాలంటే అప్పు. రాజధానిలో పడిన వానతో రైతుకు తన పొలం సంగతి తేలదు. గొట్టం తన గట్టు మీదే ఉంది, గీత తానే చదువుతాడు.

దీని మీద దశాబ్దాల తర్వాత లోతుగా పరిశీలన జరిగింది. తేలింది ఏమిటంటే, సలహాలు ఎక్కువగా వాడుకున్నది మగవాళ్లు, అందులోనూ సొంత ఎడ్లు, నాగలి ఉన్నవాళ్లు. వాన పడిన రెండు రోజుల్లో విత్తండి అన్నది మంచి సలహానే. ఎడ్లు అద్దెకు తెచ్చుకునేవాడికి ఆ రెండు రోజుల్లో ఎడ్లు దొరకవు, ఎందుకంటే సొంతదారు కూడా ఆ రెండు రోజుల్లోనే విత్తుతాడు. ఇక ఏ పొలంలో ఎప్పుడు ఏది వేయాలో నిర్ణయించే అధికారం స్త్రీలకు అంతగా లేదు. సమాచారం వాళ్ల చెవిన పడినా దానితో చేయడానికేమీ లేదు. తప్పు అంచనాది కాదు, రేడియోది కాదు. సలహా తయారుచేసేటప్పుడు ఎవరి చేతిలో ఏముందో చూడలేదు, అంతే. ఎడ్లు లేనివాళ్ల కోసం వేరే సలహా రాయవచ్చు. కాస్త ఆలస్యంగా విత్తినా పండే స్వల్పకాలిక రకం ఏదో చెప్పవచ్చు. ఆ పని ఖర్చుతో కూడినది కాదు, ఊళ్లో ఎవరికి ఏముందో కనుక్కునే ఓపిక కావాలి.

ఇప్పుడు భూగర్భ జలాల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే సమాచారం పంచడం అంటే ఎంత దూరం వెళ్లవచ్చో చూపించిన ప్రయోగం ఇది, ఎక్కడ ఆగిపోతుందో చూపించిందీ ఇదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూగర్భ జలాల నిర్వహణను రైతుల చేతికే ఇవ్వాలని 2003లో మొదలై అయిదారేళ్లు సాగిన ఏపీఫామ్స్ ప్రాజెక్టు గురించి మీలో కొందరు వినే ఉంటారు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో జరిగింది. నెదర్లాండ్స్ నిధులు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు, ఊళ్లలో పని స్వచ్ఛంద సంస్థలది. ఇలాంటి ప్రాజెక్టుల్లో సాధారణంగా ఏముంటుంది? చెక్‌డ్యాములు, పంపులు, రాయితీలు. ఇందులో అవేమీ ప్రధానం కాదు. రైతులకు ఇచ్చింది కొలవడం.

ఎంచుకున్న పరిశీలక బావుల్లో పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలుస్తారు. టేపు చివర ఒక సెన్సర్ ఉంటుంది, బోరులోకి దించితే నీళ్లు తగలగానే కీచుమంటుంది, అక్కడ టేపు మీద అంకె చూసి పుస్తకంలో రాసుకోవడమే. బోరు ఎంత పోస్తుందో డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో చూస్తారు. రోజూ వర్షమాపకం చదువుతారు. కొలిచేవాళ్లు ఆ ఊరి ఆడవాళ్లు, మగవాళ్లు. అంకెలు ఊళ్లో గోడ మీద బోర్డుకు ఎక్కుతాయి. రుతుపవనాలు వెళ్లాక, రబీకి ముందు అందరూ కూర్చుంటారు. ఈ వానకు భూమిలోకి ఎంత నీరు చేరింది, తాగడానికి ఎంత ఉంచాలి, మిగిలింది ఎంత అని ఒక పక్క. మీరేం వేద్దామనుకుంటున్నారు, ఎన్ని ఎకరాలు, దానికి ఎంత నీరు కావాలి అని ఇంకో పక్క. తీసివేస్తే చాలాచోట్ల లోటు తేలేది. దీన్ని పంటల నీటి బడ్జెట్టు అన్నారు.

ఆ తర్వాత ఏం జరిగింది? ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని ఆంక్ష పెట్టలేదు. జరిమానా లేదు. లెక్క చూపించి ఊరుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ ప్రయోగాన్ని పరిశీలించి, చాలాచోట్ల రైతులు ఆరుతడి పంటల వైపు మళ్లి నీటి వాడకం తగ్గించుకున్నారని చెప్పింది. కారణం ఊరి మేలు కోసం చేసిన త్యాగం కాదని, ఎవరి నష్టభయాన్ని వాళ్లు లెక్కవేసుకున్నారని కూడా చెప్పింది. నాకు ఆ పరిశీలనే ముఖ్యంగా అనిపిస్తుంది. మార్చిలో బోరు ఎండితే వరి పొట్ట మీద ఉండగా పోతుంది. ఆ సంగతి నవంబరులోనే అంకెలో కనపడితే, ఎవరూ బోధించనక్కర్లేదు, తన పెట్టుబడి కాపాడుకోవడానికే రైతు వేరే పంట వేస్తాడు.

ఇది అక్కడ పనిచేయడానికి నేల కూడా సాయపడింది. ఆ జిల్లాల్లో కింద ఎక్కువగా గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న పగుళ్లలో, తక్కువ మందంలో. ఒక ఏడాది వాన చాలావరకు ఆ ఏడాది నిల్వ. బడ్జెట్టు వేయడం సులువు, తప్పయితే ఆ వేసవిలోనే తెలిసిపోతుంది. వందల అడుగుల ఒండ్రు మట్టి పొరలున్న పెద్ద నదీ మైదానాల్లో నీటిమట్టం నెమ్మదిగా దశాబ్దాల మీద దిగుతుంది, ఈ ఏడాది నా పంటకూ ఈ ఏడాది నీటిమట్టానికీ సంబంధం కంటికి ఆనదు. అక్కడ ఇదే బోర్డు పెడితే ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం. ఒకచోట గెలిచిన నమూనాను దేశమంతా ముద్ర వేసినట్టు వేయాలనుకునేవాళ్లు నేల కింద ఏముందో ముందు చూడాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రాజెక్టు ముగిశాక కొన్నేళ్లకు వెళ్లి చూసిన పరిశోధకులకు అంత గొప్ప చిత్రం కనపడలేదు. కొలతలు చాలాచోట్ల ఆగిపోయాయి, సంఘాలు సడలిపోయాయి. ఫలితాలను ఎక్కువ చేసి చెప్పారన్న విమర్శ వచ్చింది. నేను ఆ విమర్శను కొట్టిపారేయను. కానీ ప్రశ్న కాస్త మార్చి అడుగుతాను. ప్రభుత్వ భూగర్భ జల శాఖలో నీటిమట్టం కొలిచే ఉద్యోగి జీతం ఆపేసి, ఆయన దేశభక్తితో కొలవడం లేదని మనం ఎప్పుడైనా నిందిస్తామా? (సభలో నవ్వులు) ఊరివాళ్లు మాత్రం ఉచితంగా, శాశ్వతంగా కొలవాలి! కొలత అన్నది ఒకసారి కట్టి వదిలేసే కట్టడం కాదు, ఏటా జరగాల్సిన పని. ఏటా జరిగే పనికి ఏటా డబ్బు కావాలి. మన పథకాల్లో యంత్రం కొనడానికి డబ్బు దొరుకుతుంది, ఆ యంత్రాన్ని అయిదో ఏట చదివే మనిషికి దొరకదు.

సాంకేతికత మాట వచ్చింది కాబట్టి సౌర పంపు గురించి రెండు మాటలు. సౌర పంపు మంచిదే, పొగ లేదు, కరెంటు కోసం అర్ధరాత్రి పొలానికి పోవాల్సిన పని లేదు. కానీ ఒకసారి బిగించాక దాన్ని నడపడానికి ఖర్చు లేదు, ఎండ ఉన్నంతసేపూ తోడవచ్చు. నీటిమట్టం సంగతి తెలియని చోట ఈ పరిశుభ్రమైన యంత్రమే బోర్లను ఎండగట్టగలదు. గుజరాత్‌లోని ఢుండి అనే ఊళ్లో దీనికి ఒక దారి వెతికారు. రైతులు సహకార సంఘంగా ఏర్పడి, తోడగా మిగిలిన సౌర విద్యుత్తును గ్రిడ్‌కు అమ్ముతారు. దాంతో అనవసరంగా పంపు నడిపిన ప్రతి గంటా రైతుకు తన జేబులోంచి పోయిన ఆదాయంగా కనపడుతుంది. మీటరు మీద అంకె ఇక్కడ నీటి సమాచారం కూడా అయింది. యంత్రంతో పాటు ఆ యంత్రం ఏం చేస్తోందో చెప్పే అంకెను కూడా ఇవ్వడం మన రూపకర్తలకు అలవాటు కావాలి.

ఇంతవరకు చెప్పిన సమాచారం ఎవరికీ చేదు కాదు. వాన ఎంత పడిందో చెబితే ఎవరూ కోపగించుకోరు. ఫలానా కర్మాగారం ఫలానా విషాన్ని ఇన్ని టన్నులు వదులుతోంది అంటే మాత్రం పరిస్థితి వేరు. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగింది. తమ పక్కన ఏ రసాయనం ఉందో అక్కడివాళ్లకు తెలియదు, గాలి పీల్చాక ఏ వైద్యం చేయాలో వైద్యులకూ తెలియదు. అది చూసి ఉలిక్కిపడి అమెరికా 1986లో చట్టం చేసింది. కర్మాగారాలు ఏటా ఏ విషాన్ని ఎంత వదిలాయో రాసి ఇవ్వాలి, ప్రభుత్వం దాన్ని బయటపెట్టాలి. ఆ జాబితా కొత్త పరిమితి ఏదీ పెట్టలేదు, వదిలిందెంతో చెప్పమంది, అంతే. తొలి లెక్కలు బయటికి రాబోతున్నాయనగా, 1988లో మోన్‌శాంటో అనే రసాయనాల కంపెనీ అధిపతి గాలిలోకి వదిలే విషాలను 90 శాతం తగ్గిస్తామని ప్రకటించాడు. తన కంపెనీ మొత్తం అంకె ఒకచోట చేర్చి చూసుకోవాల్సి రావడం, అది రేపు పత్రికల్లో రాబోతుండటం, రెండూ కలిసి చేసిన పని అది. భోపాల్ విషాదం నుంచి పుట్టిన ఈ హక్కు ముందుగా వేరే దేశంలో చట్టం కావడం చరిత్రలో ఉన్న చేదు.

అంకెలు అర్థం కాని జనానికి ఎలా చెప్పాలన్నది ఇండొనేషియా చూపించింది. 1995లో అక్కడ కర్మాగారాలకు రంగులు కేటాయించారు. బంగారు రంగు అత్యుత్తమం, తర్వాత ఆకుపచ్చ, నిబంధనలు పాటిస్తే నీలం, తప్పితే ఎరుపు, ఏ ప్రయత్నమూ చేయకపోతే నలుపు. ముందు మంచివాళ్ల పేర్లే ప్రకటించారు, మిగతావాళ్లకు సరిదిద్దుకోవడానికి ఆరు నెలల గడువిచ్చారు. నలుపు పేరు పేపర్లో రాకూడదని చాలామంది ఆ గడువులో కదిలారు. జరిమానాలు వేసే బలం లేని శాఖ చేసిన పని అది.

పర్యావరణ సమాచారం ప్రజలకు అందాలని చెప్పే అంతర్జాతీయ ప్రకటనలు, ఒప్పందాలు కూడా ఉన్నాయి. 1992 రియో ప్రకటన పదో సూత్రం, ఐరోపాలో కుదిరిన 1998 ఆర్హుస్ ఒప్పందం, లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల 2018 ఎస్కాజు ఒప్పందం. భారత ప్రభుత్వం 1982లోనే ఎన్విస్ పేరుతో పర్యావరణ సమాచార వ్యవస్థ పెట్టింది, తర్వాతి కాలంలో దానికి యువతకు హరిత నైపుణ్యాల శిక్షణ కూడా జోడించింది. వీటి జాబితా చదివితే పొద్దుపోతుంది, ప్రయోజనం తక్కువ.

దానికన్నా ఎదురు పక్క చూడటం మేలు. సమాచారం పంచితే ఎప్పుడూ మంచే జరుగుతుందా? 1999లో చైనా ఆగ్నేయ ప్రాంతంలో ఒక అందమైన గుహ బల్లిని కనుగొన్నట్టు శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎక్కడ దొరికిందో ఆనవాయితీ ప్రకారం పత్రంలో రాశారు. పెంపుడు జంతువుల వ్యాపారులు ఆ పత్రం చదువుకుని అక్కడికే వెళ్లి, ఆ చోట దాన్ని ఆనవాలు లేకుండా చేశారు. ఇప్పుడు అరుదైన జాతుల కచ్చితమైన చోటును దాచి ఉంచే పద్ధతి వచ్చింది. పక్షుల పరిశీలకులు వాడే ఈబర్డ్ వేదికలో కూడా వేటగాళ్ల బెడద ఉన్న పక్షుల వివరాలు మసకగానే కనిపిస్తాయి.

మనుషుల విషయంలో ఇది మరింత సున్నితం. కేరళ కొండల్లో కాణి తెగవాళ్లకు ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు తింటే అలుపు తెలియదని తెలుసు. 1987లో అడవిలో పరిశోధకులకు దారి చూపిస్తూ ఆ సంగతి చెప్పారు. దాని నుంచి జీవని అనే మందు తయారైంది, 1990ల మధ్యలో ఒక ఔషధ సంస్థకు హక్కు ఇచ్చారు. వచ్చిన రుసుములో, రాయల్టీలో సగం కాణి తెగకు వెళ్లేలా ఏర్పాటు చేశారు, అందుకోసం 1997లో ట్రస్టు పెట్టారు. అప్పటికి భారతదేశంలో జీవవైవిధ్య చట్టం ఇంకా రాలేదు, అది 2002లో వచ్చింది. కాబట్టి అది ముందుచూపే. కానీ మొక్క విలువ తెలిశాక బయటివాళ్లు పెరికి పట్టుకెళ్లారు, అటవీ శాఖ ఆంక్షలు పెట్టింది, ఎవరి జ్ఞానంతో ఇదంతా మొదలైందో వాళ్లే దాన్ని పెంచి అమ్ముకోవడం కష్టమైంది. జ్ఞానానికి వాటా ఇచ్చారు, మొక్క మీద హక్కు ఇవ్వలేదు.

కాబట్టి ఊళ్లకు వెళ్లి సమాచారం సేకరించే విద్యార్థులకు ఒక మాట. మీరు ఏ బావి లోతు రాసుకున్నా, ఏ మొక్క పేరు రాసుకున్నా, చెప్పినవాళ్ల దగ్గరికి ఆ ఫలితం ఏ రూపంలో, ఏ నెలలో తిరిగి వెళ్తుందో మీ పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. రబీ బడ్జెట్టుకు కావలసిన అంకె ఏప్రిల్‌లో వచ్చే పరిశోధన పత్రంలో ఉంటే అది మీ డిగ్రీకి పనికొస్తుంది.

ప్రశ్నలకు సమయం ఇచ్చారు. ముందు వరుసలోంచి ఒకరు చీటీ పంపారు. ఇవన్నీ ఒక ఫోను యాప్‌లో పెడితే సరిపోదా అని అడుగుతున్నారు.

పెట్టవచ్చు. ఆ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ముందు కనుక్కోండి. సిగ్నల్ లేని చోట ఏం చేస్తారో, చదవలేని వాళ్లకు గొంతుతో చెప్పే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. మూడో ఏట యాప్‌లో అంకెలు మార్చేది ఎవరో, వాళ్లకు జీతం ఎక్కడిదో రాసుకోండి. అన్నిటికంటే ముందు, యాప్‌లో పెట్టాలనుకున్న సమాచారాన్నే మామూలు కాగితం మీద రాసి ఒక ఊళ్లో పది మందికి ఒక పంటకాలం పాటు ఇచ్చి చూడండి. ఆ కాగితం చూసి ఎవరైనా విత్తే తేదీ మార్చారా, పంట మార్చారా, పంపు ఆపారా గమనించండి. మారితే యాప్ చేయడానికి నేనూ సాయం చేస్తాను. మారకపోతే, ఎందుకు మారలేదో వాళ్లే చెబుతారు.

వెనక వరుసలో చెయ్యెత్తారు. అడగండమ్మా.